బోటుకి డీజిల్ కొట్టించేటప్పుడు: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హార్బర్‌లో బోటు ఇంజన్ల పని చేస్తాను. "డీజిలే కదా, పెట్రోలు కాదు కదా, ఏటవుద్ది?" అన్న మాట రోజుకోసారైనా చెవిన పడుతుంది. కొత్తగా బోటు కొన్నవాళ్లు, కొత్త డ్రైవర్లు, ఫోన్‌లో మా అన్నయ్య కొడుకు, అందరివీ తిరిగి తిరిగి అవే అనుమానాలు. అందుకని ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇవి డీజిల్ బోట్ల గురించి మాత్రమే. పెట్రోలు ఇంజన్ పెట్టుకున్న ఫైబర్ బోట్లకి జాగ్రత్త ఇంకా చాలా ఎక్కువ కావాలి.

## బంకు దగ్గరికి పోకముందు

డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు కదా, ఇంత హడావిడి ఎందుకు?

భగ్గుమనదు, నిజమే. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకుంటుంది. మన దేశంలో అమ్మే డీజిల్‌కి అంటుకునే వేడి హద్దు కనీసం 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం. అయితే మే నెలలో విశాఖలో డెక్కు కింద ఇంజన్ రూమ్‌లోకి ఒకసారి దిగి చూడండి. అక్కడ 40 దాటడం మామూలే. పైగా పైపు చిట్లి డీజిల్ సన్నటి తుంపరగా చిమ్మితే ఈ హద్దులేవీ పనిచేయవు, చల్లగా ఉన్నా అంటుకుంటుంది. లోడు మీద నడిచి వచ్చిన ఇంజన్ సైలెన్సర్ పైపు 300 డిగ్రీల పైనే ఉంటుంది. దాని మీద పడితే అగ్గిపుల్ల అక్కర్లేదు.

2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్‌లో సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఒకదానికొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి, లోపల డీజిల్ ఉంది, వంట గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. ఒక బోటుతో ఆగలేదు. డీజిల్ మెల్లగా అంటుకుంటుంది, కానీ అంటుకున్నాక మెల్లగా ఆరదు.

ఎంత పోయించుకోవాలో ముందే ఎలా తెలుసుకోవాలి?

గేజు కర్ర (కొలత గుర్తులున్న కర్ర) ట్యాంకులోకి దించి చూడండి. ట్యాంకు పక్కన మట్టం చూపించే అద్దం గొట్టం ఉంటే అదీ చూడండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మొద్దు, జిగురు పట్టి తప్పు చూపిస్తుంది. ట్యాంకులో ఎంత ఉందో, ఇంకా ఎంత పడుతుందో లెక్కేసి, ఆ లీటర్లు సుద్దతో ట్యాంకు మీదే రాయండి. బంకు కుర్రాడికి "ఫుల్ చెయ్" అని చెప్పకండి. అంకె చెప్పండి. ఒలకడానికి సగం కారణం ఆ "ఫుల్" అన్న మాటే.

గంగమ్మకి అగరబత్తి వెలిగించి, హారతి ఇచ్చి బయల్దేరతాం. డీజిల్ కొట్టించే రోజు అది మానేయాలా?

మానక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు. డీజిల్ కొట్టించి, మూతలు బిగించి, ఒలికింది తుడిచి, ఇంజన్ రూమ్‌లో వాసన పోయాక పూజ చేసుకోండి. మా నాన్న ఎప్పుడూ కొబ్బరికాయ ఆఖర్నే కొట్టేవాడు, తాడు విప్పే ముందు. పొద్దున్నే పూజ అయిపోయి ఉంటే, డ్రైవర్ క్యాబిన్‌లో అమ్మవారి పటం దగ్గర అగరబత్తి ఇంకా కాలుతోందేమో చూడండి. సగం కాలిన బత్తిని అందరూ మర్చిపోతారు. ఆర్పి, నీళ్లలో ముంచి, అప్పుడు నాజిల్ అందుకోండి.

అన్నం పొయ్యి మీద ఉంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కట్టేయాల్సిందేనా?

కట్టేయాల్సిందే. పొయ్యి దగ్గర కాదు, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. గ్యాస్ గాలి కంటే బరువు, కారితే బోటు అడుగున చేరి కూర్చుంటుంది. డీజిల్ ఆవిరి కూడా అడుగునే చేరుతుంది. అన్నం కాస్త ఆలస్యమైతే కళాసీలు (బోటు మీద పనిచేసేవాళ్లు) తిట్టుకుంటారు, తిట్టుకోనీండి.

వేట నిషేధం రెండు నెలలు ట్యాంకు నింపి పెట్టాలా, ఖాళీగా ఉంచాలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు కదలదు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలోని తేమ గోడలకి పట్టి, కారి, డీజిల్ అడుగున నీరుగా చేరుతుంది. మన ఉక్కలో ఇది ఇంకా ఎక్కువ. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు పెరుగుతుంది, ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఇంజన్ ఆరోగ్యం చూస్తే నిండుగా ఉంచడం మంచిది.

మంట భయం చూస్తే, వరసగా కట్టిన బోట్లలో వేల లీటర్లు రెండు నెలలు ఉంచడం మంచిది కాదు. నా మాట ఏమిటంటే: కాపలా మనిషి రోజూ బోటు మీద పడుకునే ఏర్పాటు ఉంటే నింపుకోండి. లేకపోతే వీలైనంత ఖాళీ చేసి, నిషేధం అయిపోయే ముందు అడుగు నీరు తీయించి, ట్యాంకు శుభ్రం చేయించండి. సగం నింపి వదిలేయడం మాత్రం రెండు వైపులా నష్టమే.

జూన్ 14న అందరూ ఒకేసారి వస్తారు. ఆ రద్దీలో ఏం చేయాలి?

వీలైతే రెండు మూడు రోజులు ముందే కొట్టించుకోండి. ఆ రోజు జెట్టీ మీద ఐసు బండ్లు, వలలు, రేషన్ మూటలు, చుట్టాలు, పిల్లలు, అందరి మధ్యలో డీజిల్ పైపు. తొందరలో ఎవడో ఒకడు కాలితో పైపు లాగేస్తాడు. ఐసు ఎక్కించడం, డీజిల్ కొట్టించడం ఒకేసారి పెట్టుకోకండి. ఐసు బరువుకి బోటు కిందకి దిగుతూ ఉంటే పైపు బిగుసుకుని మూతిలోంచి ఊడిపోతుంది.

## జెట్టీ దగ్గర కట్టాక

మా బోటు మూడో వరసలో ఉంది. ముందున్న బోట్ల మీదుగా పైపు లాగితే తప్పా?

తప్పే. ఇక్కడ రోజూ జరిగే తప్పు. పైపు ఏ బోట్ల మీదుగా పోతుందో ఆ బోట్లలో ఎవరు బీడీ కాలుస్తున్నారో, ఎవరు వెల్డింగ్ చేయిస్తున్నారో మీకు తెలియదు. పైపు అతుకు దగ్గర కారితే అది పక్కవాడి వల మీద కారుతుంది. నైలాన్ వల అంటుకుంటే ఆపడం ఎవరి తరం కాదు.

జెట్టీకి ఆనుకునే చోటు దొరికేదాకా ఆగండి. ముందున్న బోటు డ్రైవర్‌ని "అన్నా, ఒక్క అరగంట పక్కకి జరుపు" అని అడిగితే ఎవరూ కాదనరు. నిన్న మీరూ జరిపి ఉంటారు కాబట్టి.

ఇంజన్ ఆపకుండానే పోస్తే? మళ్లీ స్టార్ట్ అవ్వడం కష్టం.

స్టార్ట్ అవ్వని ఇంజన్ అయితే డీజిల్ కొట్టించడం తర్వాత సంగతి, ముందు బ్యాటరీ చూపించండి. ఇంజన్ ఆపాలి, పెద్ద స్విచ్చు కట్టేయాలి, ఆపాక కనీసం పావుగంట చల్లారనివ్వాలి. నడుస్తున్న ఇంజన్ వేడి, ఆల్టర్నేటర్ నిప్పురవ్వలు, అదురు, మూడూ అక్కడే ఉంటాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంజన్ మోతలో "ఆపు ఆపు" అన్న కేక వినిపించదు.

ఫోన్ వాడకూడదంటారు. మరి డబ్బులు ఫోన్‌లోనే కదా కొట్టాలి?

ఫోన్ నిప్పురవ్వతో డీజిల్ అంటుకుంటుందన్న భయం నాకు పెద్దగా లేదు. నా భయం వేరే. నాజిల్ పట్టుకున్న మనిషికి ఫోన్ మోగుతుంది, అటు చూస్తాడు, ఇటు ట్యాంకు పొర్లుతుంది. డబ్బులు ముందే కట్టేయండి, లేదా అంతా అయ్యాక బంకు కౌంటర్ దగ్గరికి వెళ్లి స్కాన్ చేయండి. నాజిల్ పట్టుకున్నవాడి ఫోన్ వేరేవాడి జేబులో ఉండాలి.

ఎంతమంది కావాలి?

ముగ్గురు. నాజిల్ దగ్గర ఒకరు, గాలి పైపు (ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర ఒకరు, మంటలార్పే సిలిండర్ పట్టుకుని పంపు స్విచ్చు కనబడేలా జెట్టీ మీద ఒకరు. మిగతా కళాసీలందరూ గట్టు మీద టీ తాగొచ్చు. ఇంజన్ రూమ్‌లో, కింద గదిలో ఎవరూ నిద్రపోకూడదు. రాత్రి వేటకి వెళ్లొచ్చినవాళ్లు కింద పడుకుని ఉండటం మామూలు, లేపి పైకి పంపండి.

## పోస్తున్నప్పుడు

నాజిల్‌ని ట్యాంకు మూతికి ఆనించమంటారు, ఎందుకు?

డీజిల్ పైపులో వేగంగా పారుతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటలాడేదే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు) మించదు. గంధకం తీసే పనిలో డీజిల్‌కి విద్యుత్తును వదిలించుకునే గుణం కూడా తగ్గుతుంది. అందుకే పాతకాలం డీజిల్ కంటే ఇప్పటిదానికి ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. నాజిల్ లోహం ట్యాంకు లోహపు మూతికి మొదట్నుంచి చివరిదాకా తగిలి ఉంటే ఆ విద్యుత్తు రవ్వ లేకుండా దిగిపోతుంది. మధ్యలో ప్లాస్టిక్ గరాటా పెడితే ఆ దారి తెగిపోతుంది. గరాటా తప్పదనుకుంటే రేకుది వాడండి.

ట్యాంకు అంచు దాకా నింపితే ఏమిటి నష్టం?

బంకు భూమిలో ఉన్న డీజిల్ చల్లగా ఉంటుంది. మీ ఇంజన్ రూమ్‌లో పది డిగ్రీలు వేడెక్కితే ప్రతి వెయ్యి లీటర్లకీ సుమారు ఎనిమిది లీటర్లు ఉబ్బుతుంది. చోటు లేకపోతే గాలి పైపులోంచి బయటికి వస్తుంది. వందకి అయిదు నుంచి పది వంతులు ఖాళీ వదలండి.

రెండు పక్కలా ట్యాంకులున్నాయి. ఒకటి నింపాక ఇంకోటి నింపొచ్చా?

కొంత ఇటు, కొంత అటు పోయండి. వెయ్యి లీటర్ల డీజిల్ అంటే సుమారు 830 కిలోలు. అంత బరువు ఒక పక్కకే చేరితే బోటు ఒరుగుతుంది, ఒరిగితే గేజు కర్ర తప్పు చూపిస్తుంది. రెండు ట్యాంకుల్ని కలిపే పైపు వాల్వు మాత్రం కట్టి ఉంచండి. అది తెరిచి ఉంటే ఒరిగిన పక్కకి డీజిల్ దానంతటదే పారి, మీరు పోయని ట్యాంకు మూతిలోంచి పొర్లుతుంది. అటు ఎవరూ చూడరు కూడా.

గాలి పైపులోంచి నురగ చిమ్ముతోంది. ట్యాంకు ఇంకా నిండలేదు కదా?

డీజిల్ వేగంగా పడితే నురుగు కడుతుంది. గాలి పైపు సన్నగా ఉన్నా, ఉప్పు పేరుకుని సగం మూసుకున్నా, లోపలి గాలి బయటికి పోలేక డీజిల్‌ని తోసుకొస్తుంది. నాజిల్ సగమే నొక్కండి. ఆఖరి వంద లీటర్లు ఇంకా మెల్లగా. గాలి పైపు మూతి దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది, ట్యాంకు నిండుతున్న కొద్దీ ఆ మోత మారుతుంది. అనుభవం ఉన్న కళాసీ కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. నాజిల్ దానంతటదే ఆగుతుంది కదా అని పుల్ల ఇరికించి వదిలేసేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు.

క్యాన్లతో, డ్రమ్ములతో తెచ్చుకుంటాం. దానికేం జాగ్రత్త?

క్యాన్ నింపేటప్పుడు ఆటోలోనో, బండి మీదో ఉంచి నింపకండి, నేల మీద పెట్టి నింపండి. నేల మీద ఉంటే స్థిర విద్యుత్తు పోవడానికి కొంతైనా దారి ఉంటుంది. 200 లీటర్ల డ్రమ్ము ఎత్తి ట్యాంకులోకి వంచడం వద్దు, చేతి పంపు పెట్టండి. అంతకుముందు పెట్రోలు పోసిన క్యాన్‌లో డీజిల్ పోయకండి. అడుగున మిగిలిన కాస్త పెట్రోలు చాలు ఆవిరికి.

పైపు పెట్టి నోటితో లాగితే తొందరగా అవుతుంది. మా తాత కూడా అలాగే చేసేవాడు.

చేసేవాడు. మా బాబాయీ చేసేవాడు. డీజిల్ కడుపులోకి పోయినదానికంటే ఊపిరితిత్తుల్లోకి పోతే ఎక్కువ ప్రమాదం, ఒక్క గుక్క చాలు. పొరపాటున మింగితే కక్కించే ప్రయత్నం చేయకండి. కక్కేటప్పుడే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు పుక్కిలించి, 108కి ఫోన్ చేయండి. దగ్గు, ఆయాసం లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. రబ్బరు బుడ్డి పంపు కొట్లో చవగ్గా దొరుకుతుంది.

డీజిల్ మంచినీళ్ల ట్యాంకులో పోసేశాం. కడిగితే పోతుందా?

ఇది నా చేత్తో జరిగింది కాబట్టి వివరంగా చెబుతాను. అప్పటికి పనిలో చేరి ఏడాది. రెండు ఇత్తడి మూతలు, పక్కపక్కనే, ఒకే సైజు. చీకటి పడుతోంది. ఒక మూత విప్పి నాజిల్ పెట్టాను. నలభై లీటర్లు పోయాక గానీ మోత తేడాగా ఉందని తెలియలేదు. నీళ్లు తీసేసి, సబ్బు నీళ్లు పోసి, మళ్లీ తీసి, రెండు రోజులు అదే పని. అయినా ఆ ట్రిప్పు పొడుగూతా అన్నంలో డీజిల్ వాసనే అని కళాసీలు ఇప్పటికీ గుర్తు చేస్తారు.

పోసేస్తే ఆ నీళ్లు తాగొద్దు, వంటకి వాడొద్దు. ట్యాంకు, పైపులు అన్నీ సబ్బు నీళ్లతో పదే పదే కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు డబ్బాల్లో తీసుకెళ్లండి. ప్లాస్టిక్ ట్యాంకైతే వాసన పట్టేస్తుంది, మార్చడమే నయం. అసలు రాకుండా ఉండాలంటే డీజిల్ మూతకి ఎరుపు, నీళ్ల మూతకి నీలం రంగు వేయండి. డబ్బా పెయింటు ఖర్చు అంతే.

పొరపాటున డీజిల్‌లో పెట్రోలు కలిసింది. కొంచెమే, నడిపేయొచ్చా?

వద్దు. ఇంజన్ స్టార్ట్ చేయకండి, స్విచ్చులు కూడా ముట్టుకోకండి. కొద్ది పెట్రోలు కలిసినా ఆ ట్యాంకు ఇక పెట్రోలు ట్యాంకులాగే అంటుకుంటుంది. తీయడం మెకానిక్ పని.

వాన పడుతుంటే?

బరకం పట్టి పోసుకోవచ్చు, కానీ నా సలహా ఆగమనే. ఉరుములు, మెరుపులు ఉంటే ససేమిరా వద్దు.

## ఒలికితే, అంటుకుంటే

డెక్కు మీద ఒలికింది. నీళ్లు కొట్టి కడిగేస్తే సరిపోతుందా?

నీళ్లు కొడితే అది సముద్రంలోకి పోతుంది, లేదా పలకల సందుల్లోంచి బోటు అడుక్కి దిగుతుంది. పోయడం మొదలెట్టకముందే డెక్కు నీళ్లు పోయే రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి. ఒలికితే రంపపు పొట్టు, కొబ్బరి పీచు పొట్టు, కాటన్ వేస్టు, ఏది ఉంటే అది వేసి పీల్చనివ్వండి. ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేసి గట్టు మీదకి చేర్చండి. ఆ గుడ్డలు ఇంజన్ రూమ్ మూలలో పడేస్తే ఒలికింది మళ్లీ లోపలికి తెచ్చుకున్నట్టే. ఆఖర్న సబ్బుతో కడిగి, ఆ నీళ్లు కూడా బకెట్టులోకే తీయండి. డీజిల్ పడ్డ డెక్కు మీద జారి సముద్రంలో పడ్డవాళ్లని చూశాను.

నీళ్లలో పడింది. సబ్బు పొడి చల్లితే మాయమవుతుంది కదా?

కంటికి మాయమవుతుంది, అంతే. సబ్బు వేస్తే డీజిల్ విడిపోయి నీళ్లలోకి దిగి, చేపలకీ రొయ్యలకీ ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. పీల్చే గుడ్డలు తాడుకి కట్టి పైపైన తేల్చి లాగండి. ఎక్కువ పడితే దాచకుండా హార్బర్ అధికారులకి చెప్పండి. మనం పట్టే చేప ఆ నీళ్లలోంచే వస్తుంది, దాన్ని మనమే తింటాం.

బోటు అడుగు నీళ్లలో డీజిల్ చేరింది. పంపు వేసి తోడేయాలా?

ఆ పంపు కట్టేయండి. దానంతటదే పనిచేసే రకమైతే ముందే కట్టేయండి, లేకపోతే మీకు తెలియకుండా డీజిల్ అంతా హార్బర్‌లోకి చిమ్ముతుంది. పైగా పంపు మోటారు రవ్వ ప్రమాదం. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, చేతితో తోడి డబ్బాల్లో నింపి గట్టు మీద అప్పగించండి.

మంట అంటుకుంది. ముందు ఏం చేయాలి?

నాజిల్ వదిలి పంపు కట్టమని కేక వేయండి. మనుషుల్ని బోటు మీంచి దించండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మంట చిన్నదైతే, వెనక పారిపోయే దారి ఉంటేనే, పొడి లేదా నురుగు సిలిండర్‌తో మంట మొదట్లోకి కొట్టండి. డీజిల్ మంట మీద నీళ్లు పోయకండి, డీజిల్ నీటి మీద తేలి మంటని పక్కకి మోసుకెళ్తుంది. ఇంజన్ రూమ్‌లో మంటైతే తలుపు తీసి చూడకండి. గాలి అందక కునుకుతున్న మంట మీ మొహం మీదకే వస్తుంది. తలుపులు మూసి, బయటినుంచి డీజిల్ వాల్వు కట్టండి. కాలుతున్న బోటు తాళ్లు కోసి వదిలేస్తే గాలి దాన్ని ఎటు తీసుకెళ్తుందో తెలియదు. వీలైతే పక్క బోట్లని తప్పించండి.

ఒంటి మీద, కళ్లలో పడింది.

బట్టలు వెంటనే విప్పేయండి, సబ్బుతో కడగండి. తడి బట్టలతో పొయ్యి దగ్గరికో, బీడీ దగ్గరికో పోకండి. కళ్లలో పడితే పావుగంట మంచినీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించండి.

## పోసుకున్నాక

మూత పెట్టగానే స్టార్ట్ చేయొచ్చా?

మూతలు బిగించి, ఒలికింది తుడిచి, ఇంజన్ రూమ్ తలుపులు తెరిచి పది నిమిషాలు ఆగండి. తర్వాత కిందకి వంగి ముక్కుతో వాసన చూడండి. బ్లోయర్ ఉన్నా సరే, ముక్కుని మించిన మీటర్ లేదు. వాసన గట్టిగా ఉంటే ఎక్కడో కారుతోందని లెక్క. అది దొరికేదాకా కీ తిప్పకండి.

డీజిల్‌లో నీళ్లు కలిశాయేమోనని అనుమానం. ఎలా చూసేది?

గేజు కర్ర కొసకి నీరు పట్టే పేస్టు రాసి దించండి, అడుగున నీరుంటే రంగు మారుతుంది. పేస్టు లేకపోతే ట్యాంకు అడుగు వాల్వు విప్పి గాజు సీసాలోకి కాస్త పట్టి నిలకడగా పెట్టండి, నీరు అడుక్కి చేరుతుంది. ఫిల్టర్ గిన్నెలో నీళ్లు ప్రతి ట్రిప్పుకీ ముందు తీయాలి. నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోయినప్పుడు గుర్తొచ్చే పని ఇది.

సముద్రంలో డీజిల్ అయిపోతే ఇంకో బోటు దగ్గర తీసుకోవచ్చా?

తీసుకుంటారు, నాకూ తెలుసు. అలల మీద రెండు బోట్లు గుద్దుకుంటూ ఉంటే మధ్యలో క్యాన్ అందించడంలో చేతులు నలిగినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. తప్పనిసరైతే అల తగ్గేదాకా ఆగండి, రెండు బోట్ల మధ్యా టైర్లు వేయండి, రెండిట్లోనూ పొయ్యి కట్టేయండి, ఇంజన్లు ఆపండి. క్యాన్‌కి తాడు కట్టి అందించుకోండి, చేతితో కాదు. మనిషి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. అల పెద్దగా ఉంటే పోయడం మానుకుని, లంగరు వేసి కోస్ట్‌గార్డ్ 1554కి గానీ మెరైన్ పోలీసు 1093కి గానీ ఫోన్ చేయండి. ఫోన్ అందని చోటైతే బోటు రేడియో, అంటే వీహెచ్‌ఎఫ్ సెట్‌లో 16వ ఛానెల్.